పెరాసిటిక్ ఆమ్లాన్ని గుజ్జు ఫ్యాక్టరీలోనే కలుపుకోవచ్చా? అసలు పరిశ్రమలో దాన్ని ఎలా తయారు చేస్తారు?

ప్రశ్న: తోతాపురి నాణ్యత, బంగారుపాళ్యం

నమస్కారం. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు యూనిట్‌లో నాణ్యతా విభాగం చూస్తున్నాను. తోతాపురి కాయ రావడం మొదలైందంటే పల్పర్లు, ఫినిషర్లు, నిల్వ ట్యాంకులు, గుజ్జు పైపులైన్లు అన్నింటినీ రోజూ కాస్టిక్ ద్రావణంతో కడిగి, నీళ్లతో జాడించి, ఆఖరున క్రిములను చంపే పెరాసిటిక్ ఆమ్లాన్ని 150 నుంచి 200 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) ఉండేలా నీళ్లలో కలిపి తిప్పుతాం. ఇందుకోసం 5 శాతం పెరాసిటిక్ ఆమ్లం క్యాన్లను బయటి నుంచి తెప్పించుకుంటున్నాం.

ఈ సీజన్‌లో యాజమాన్యం ఒక ప్రతిపాదన ముందు పెట్టింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ సులభంగా దొరుకుతుంది, ఎసిటిక్ ఆమ్లం బజారులోనే ఉంది, ఈ రెండూ కలిస్తే వచ్చే పదార్థానికి అంత ధర పెట్టడం ఎందుకు, ఒక ప్లాస్టిక్ ట్యాంకులో మనమే కలుపుకుందాం అన్నది వారి ఆలోచన. లెక్క చూస్తే ఆదా ఉన్నట్టే కనిపిస్తోంది, కానీ నాకు ధైర్యం చాలడం లేదు. వద్దని చెప్పాలంటే కారణాలు చెప్పగలగాలి. పరిశ్రమలో దీన్ని ఏ పద్ధతిలో తయారు చేస్తారో, మేము కలిపితే ఏం తేడా వస్తుందో తెలిసినవారు వివరించగలరు.

మరో రెండు సందేహాలు కూడా ఉన్నాయి. రేకుల షెడ్డులో ఉంచిన క్యాన్లలో బలం మే నెలాఖరుకు తగ్గిపోతున్నట్టు అనిపిస్తోంది, ఇది నిజమేనా? క్యాన్ మూత దగ్గర నుంచి సన్నగా బుస్సుమని గాలి వస్తుంటే మా కార్మికులు లీకు అనుకుని వేరే గట్టి మూత బిగిస్తున్నారు, ఇందులో ప్రమాదం ఉందా?

జవాబు 1: పెరాక్సైడ్ ప్లాంటులో పనిచేసిన ఇంజనీరు

మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది ఈ రోజే సరిచేయవలసిన విషయం. ఆ గట్టి మూతలను వెంటనే తీయించి కంపెనీ ఇచ్చిన మూతలనే పెట్టించండి. అది లీకు కాదు. పెరాసిటిక్ ఆమ్లం క్యాన్‌లో పెరాక్సైడ్ నెమ్మదిగా విడిపోతూ ఆక్సిజన్‌ను వదులుతూనే ఉంటుంది. ఆ వాయువు బయటికి పోవడానికే మూతలో చిన్న రంధ్రం, దానికి ఒక పొర పెట్టి ఇస్తారు. 35 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక లీటరు పూర్తిగా విడిపోతే సుమారు 130 లీటర్ల ఆక్సిజన్ వస్తుంది, మందుల షాపు భాషలో దాన్ని 130 వాల్యూమ్స్ అనడం అందుకే. మీ 5 శాతం రకం క్యాన్‌లో పెరాసిటిక్ ఆమ్లంతో పాటు సాధారణంగా 20 శాతానికి పైగా పెరాక్సైడ్ కూడా ఉంటుంది కనుక, మూసేసిన క్యాన్‌లో పీడనం ఎంత పెరగగలదో ఊహించవచ్చు. నేను చూసిన ఒక యూనిట్‌లో ఇలాగే మామూలు మూత బిగించిన క్యాన్ పక్కలు ఉబ్బి, అడుగు గుండ్రంగా తిరిగి, నిలబడలేక పక్కకు ఒరిగిపోయింది. దాన్ని తాకకుండా మనుషులను దూరంగా పంపి, దూరం నుంచి నీళ్లు కొట్టి చల్లార్చవలసి వచ్చింది.

ఇక తయారీ సంగతి. మొదట హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో మొదలవుతుంది. ఇప్పుడు ప్రపంచంలో దాదాపు అంతటా దాన్ని ఆంథ్రాక్వినోన్ పద్ధతిలోనే చేస్తారు. ఆంథ్రాక్వినోన్ జాతి పదార్థాన్ని ద్రావణిలో కరిగించి, పల్లాడియం ఉత్ప్రేరకం మీద హైడ్రోజన్ ఎక్కించి, తరువాత గాలి పోనిస్తే ఆంథ్రాక్వినోన్ తిరిగి మొదటి రూపానికి వచ్చి, పెరాక్సైడ్ విడిగా ఏర్పడుతుంది. దాన్ని నీటిలోకి లాగి, శుద్ధి చేసి, తక్కువ పీడనంలో గాఢత పెంచుతారు. ఈ శుద్ధి దశను తేలికగా తీసుకోకూడదు. ఇనుము, రాగి, మాంగనీస్ వంటి లోహాలు లేశమాత్రంగా మిగిలినా అవి పెరాక్సైడ్‌ను ఆగకుండా విడగొడుతూనే ఉంటాయి, తాము మాత్రం ఖర్చు కావు.

ఆ పెరాక్సైడ్‌కు ఎసిటిక్ ఆమ్లం చేర్చినప్పుడు పెరాసిటిక్ ఆమ్లం, నీరు ఏర్పడతాయి. ఈ చర్య రెండు వైపులా నడిచేది. ఉత్ప్రేరకం లేకుండా గది ఉష్ణోగ్రతలో వదిలేస్తే సమతాస్థితికి, అంటే రెండు వైపుల వేగాలూ సమానమయ్యే స్థితికి, రావడానికి రోజులకు రోజులు పడుతుంది. అందుకే ప్లాంటులో కొద్దిపాటి సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ఉత్ప్రేరకంగా వాడి, వేడిని అదుపులో ఉంచే ఏర్పాటున్న పాత్రలో చర్య జరిపించి, సమతాస్థితికి వచ్చిందని పరీక్షించి తెలుసుకున్న తరువాతే క్యాన్లలో నింపుతారు. లోహాలను పట్టి ఉంచడానికి డైపికోలినిక్ ఆమ్లం, ఫాస్ఫోనేట్లు వంటి స్థిరీకారకాలను కలుపుతారు. పాత్రలు, పైపులు కూడా ఆమ్లంతో పాసివేషన్ చేసిన (పైపొర చర్య జరపకుండా శుద్ధి చేసిన) 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు, గాజు పూత, హెచ్‌డీపీఈ ప్లాస్టిక్, టెఫ్లాన్ వంటివే ఉంటాయి. ఇత్తడి వాల్వు ఒక్కటి ఆ లైన్‌లో ఉన్నా ఈ జాగ్రత్తంతా వృథా.

దీనికంటే గాఢమైన, పెరాక్సైడ్ తక్కువగా ఉండే రకం కావలసినవారికి మరో పద్ధతి ఉంది. చర్య జరుగుతుండగానే తక్కువ పీడనంలో పెరాసిటిక్ ఆమ్లాన్ని నీటితో పాటు ఆవిరిగా లాగేసి చల్లబరుస్తారు. అలా వచ్చినదాన్ని చల్లగానే నిల్వ ఉంచాలి, లేకపోతే అది మళ్లీ సమతాస్థితి వైపు జారిపోతుంది. ఆ ప్లాంట్లలో ఆవిరి గాఢత ప్రమాదకర హద్దు దాటకుండా చూసే ఏర్పాట్లు, పీడనం విడిచే డిస్కులు, అత్యవసరంగా నీళ్లలోకి దించేసే ట్యాంకులు ఉంటాయి. ఖర్చులో ఎక్కువ భాగం వీటికే పోతుంది.

ఇప్పుడు మీ ప్లాస్టిక్ ట్యాంకు ఆలోచన చూద్దాం. బజారులో చవకగా దొరికే పెరాక్సైడ్ చాలావరకు బట్టల బ్లీచింగ్ కోసం వచ్చేదే. నగరి, పుత్తూరు వైపు మగ్గాల బట్టకు అది బాగానే పనిచేస్తుంది, కానీ అందులోని స్థిరీకారకాలు ఆహార యంత్రాలకు తగినవని ఎవరూ హామీ ఇవ్వరు. ఎసిటిక్ ఆమ్లం మండే ద్రవం, సుమారు 40 డిగ్రీల దగ్గరే దాని ఆవిరి అంటుకోగలదు, మన వేసవి షెడ్డులో ఆ వేడి మామూలే. ఒక బలమైన ఆక్సీకారకాన్ని మండే ఆమ్లంతో కలిపేటప్పుడు గాఢతలు, క్రమం, వేడి తప్పితే ఆ మిశ్రమం పేలుడు హద్దులోకి వెళ్లగలదు. అందుకే ఏది ఎంత కలపాలో నేను ఇక్కడ రాయడం లేదు, ఎవరైనా రాసినా దయచేసి ప్రయత్నించకండి. పెద్ద ట్యాంకులో ఇంకో చిక్కు ఉంది. ద్రవం పెరిగేకొద్దీ లోపల పుట్టే వేడి బయటికి పోయే దారి తగ్గుతుంది. వేడెక్కితే విడిపోవడం పెరుగుతుంది, విడిపోతే ఇంకా వేడెక్కుతుంది. పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ విడిపోయే వేగం సుమారు రెండింతలవుతుందని అనుకుంటే మే నెలలో రేకుల కింద ఏం జరుగుతుందో మీ యాజమాన్యానికి చెప్పడం కష్టం కాదు.

మరొక మాట. క్యాన్ కొంటున్నప్పుడు మీరు అపాయకర పదార్థాన్ని వాడేవారు మాత్రమే. అదే కలపడం మొదలుపెడితే తయారీదారులవుతారు. 1989 నాటి అపాయకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నియమాల ప్రకారం లేబుళ్లు, భద్రతా సమాచార పత్రాలు తయారు చేసే బాధ్యత అప్పుడు మీ మీదే పడుతుంది. ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి, బీమా వారికి, మీ గుజ్జు కొనే విదేశీ కొనుగోలుదారుకు వేర్వేరుగా సమాధానం చెప్పుకోవాలి.

జవాబు 2: రసాయనశాస్త్ర అధ్యాపకుడు, తిరుపతి

పై సభ్యులు భద్రత గురించి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. బలం తగ్గడం గురించి మీరు అడిగిన ప్రశ్నకు కొంచెం విడమరచి జవాబు చెబుతాను, అది నా బోధనాంశం కూడా.

ఈ చర్యకు సమతా స్థిరాంకం గది ఉష్ణోగ్రత దగ్గర రెండుకూ మూడుకూ మధ్య ఉంటుంది. అంటే ఎంత ఓపిగ్గా ఎదురుచూసినా వేసిన ఎసిటిక్ ఆమ్లమంతా పెరాసిటిక్ ఆమ్లంగా మారదు. క్యాన్‌లో ఎప్పుడూ పెరాసిటిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం, పెరాక్సైడ్, నీరు నాలుగూ కలిసే ఉంటాయి. అందులో నీరు ఎక్కువైతే చర్య వెనక్కి నడుస్తుంది. గాఢ ద్రావణం నెలల తరబడి నిలబడుతున్నా మీరు 200 పీపీఎంకు పలుచన చేసినది మరునాటికి నమ్మదగినదిగా ఉండకపోవడానికి ఇదొక కారణం. ఏ పూట కలిపినది ఆ పూటే వాడండి.

రెండవ కారణం పీహెచ్. పేరులో ఆమ్లం అని ఉన్నా పెరాసిటిక్ ఆమ్లం ఎసిటిక్ ఆమ్లం కంటే చాలా బలహీనమైన ఆమ్లం. ఆమ్ల బలాన్ని చూపే పీకేఏ విలువ (ఎంత తక్కువైతే అంత బలం) ఎసిటిక్ ఆమ్లానికి 4.76 అయితే దీనిది 8.2. దాని శక్తి ఆమ్లత్వంలో లేదు, ఆక్సీకరణంలో ఉంది. సూక్ష్మజీవి గోడ దాటి లోపలికి పోగలిగేది అయాను కాని రూపమే కనుక, పీహెచ్ 8 వైపు పోయేకొద్దీ క్రిములను చంపే శక్తి పడిపోతుంది. అదే ప్రాంతంలో అది అతివేగంగా విడిపోతుంది కూడా. కాస్టిక్ తరువాత సరిగ్గా జాడించకుండా పెరాసిటిక్ ఆమ్లం తిప్పితే, డబ్బు పెట్టి కొన్న మందు పైపులోనే నీళ్లయిపోతుంది. జాడించిన చివరి నీటికి ఫినాల్ఫ్థలీన్ చుక్క వేసి రంగు రాలేదని చూసుకున్న తరువాతే తదుపరి దశకు వెళ్లే అలవాటు చేయించండి.

మూడవది నీరు. మన జిల్లాలో బోరు నీటి గట్టిదనం గురించి కొత్తగా చెప్పనక్కరలేదు, కొన్ని చోట్ల ఇనుము కూడా ఉంటుంది. ఇనుము, పెరాక్సైడ్ కలిస్తే ఏం జరుగుతుందో 1894లోనే రసాయన శాస్త్రవేత్త ఫెంటన్ చూపించాడు. పలుచన చేయడానికి ఆర్‌ఓ నీటినే వాడండి.

బలం తగ్గిందా లేదా అన్నది అనిపించడంతో తేల్చకూడదు, కొలవాలి. మీ ప్రయోగశాలలో బ్యూరెట్ ఉంటే చాలు. నమూనాను మంచుతో చల్లబరచిన పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేసి, మొదట పర్మాంగనేట్‌తో లేత గులాబీ రంగు నిలిచేదాకా టైట్రేట్ చేస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ లెక్క వస్తుంది. వెంటనే అందులోనే పొటాషియం అయోడైడ్ వేస్తే పెరాసిటిక్ ఆమ్లం అయోడిన్‌ను విడుదల చేస్తుంది, దాన్ని పిండి సూచిక వేసి థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయాలి. 0.1 నార్మల్ పర్మాంగనేట్ ఒక మిల్లీలీటరుకు 1.7 మిల్లీగ్రాముల పెరాక్సైడ్, 0.1 నార్మల్ థయోసల్ఫేట్ ఒక మిల్లీలీటరుకు 3.8 మిల్లీగ్రాముల పెరాసిటిక్ ఆమ్లం. చల్లగా, ఆలస్యం లేకుండా చేయడమే ఇందులో కిటుకు. మొదటి దశ వేడిగా ఉంటే రెండవ దశ లెక్క తప్పుతుంది.

దీని అవసరం ఎంత ఉందో ఒక లెక్క చెబుతాను. 5 శాతం ద్రావణం సాంద్రత సుమారు 1.1 అనుకుంటే లీటరుకు 55 గ్రాములు ఉంటుంది. వెయ్యి లీటర్ల నీటిని 200 పీపీఎం చేయడానికి సుమారు 3.6 లీటర్లు పోయాలి. షెడ్డు వేడికి క్యాన్ బలం 4 శాతానికి పడిపోయి ఉంటే, అదే 3.6 లీటర్లకు వచ్చేది 160 పీపీఎం మాత్రమే. మీరు రిజిస్టరులో 200 అని రాస్తారు, ట్యాంకులో ఉన్నది వేరు. ఆహారాన్ని తాకే ఉపరితలాలకు అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ నియమంలో 100 నుంచి 200 పీపీఎం పరిధి ఉంది కాబట్టి 160 ఇంకా లోపలే ఉంది. కానీ 3 శాతానికి పడితే 120, ఇంకొంచెం తగ్గితే హద్దు దాటుతుంది. కాయలు కడిగే నీటికి మాత్రం అదే ఎఫ్‌డీఏ హద్దు 80 పీపీఎం, ఈ రెండింటినీ కలపకండి.

జవాబు 3: డెయిరీ మెయింటెనెన్స్, చిత్తూరు

పైవారిద్దరూ చెప్పిన తరువాత నేను చెప్పగలిగేది పైపుల దగ్గరి సంగతులే.

డోసింగ్ పంపు డయాఫ్రమ్, ఓ రింగులు, యూనియన్ గాస్కెట్లు ఏ పదార్థంతో చేసినవో ఒకసారి విప్పి చూడండి. సహజ రబ్బరు అయితే కొద్దికాలంలోనే మెత్తబడి, వేలితో రుద్దితే నల్లగా మరక అంటుతుంది. గాఢ ద్రావణం తగిలే చోట టెఫ్లాన్ వేయండి. నీటిలో క్లోరైడ్లు ఎక్కువగా ఉంటే పెరాసిటిక్ ఆమ్లం తోడై స్టెయిన్‌లెస్ స్టీలులో కూడా సూదిమొన లాంటి గుంటలు పడతాయి, అవి వెల్డింగు అతుకుల వెంబడి ముందుగా కనిపిస్తాయి. రాత్రంతా లైన్‌లో ద్రావణాన్ని నిలవబెట్టి ఉదయం వదిలే అలవాటు ఉంటే మానేయండి.

బ్లీచింగ్ ద్రావణం, పెరాసిటిక్ ఆమ్లం రెండూ ఒకే గదిలో ఉంచకండి. హైపోక్లోరైట్‌లో ఆమ్లం పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. రెండింటికీ ఒకే ప్లాస్టిక్ మగ్గు వాడే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి, ఆ మగ్గంటే నాకు క్యాన్ కంటే ఎక్కువ భయం.

క్యాన్ నుంచి వంచి పోసే పద్ధతి కూడా మార్చండి. ఆ ఘాటు ఊరికే ముక్కుకు తగిలి పోయేది కాదు. గాలిలో 0.4 పీపీఎం, అంటే ఘనమీటరుకు సుమారు 1.24 మిల్లీగ్రాములు, దాటి పావుగంట పీల్చడం తగదని అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ సూచించిన పరిమితి. చేతి పంపుతోనో, గొట్టంతో నేరుగా డోసింగ్ పంపుకు కలిపో తీయాలి. ముఖ కవచం, నియోప్రీన్ లేదా బ్యూటైల్ చేతితొడుగులు, పక్కనే కళ్లు కడుక్కునే కుళాయి ఉండాలి. ఒకసారి బయటికి తీసిన ద్రావణం ఎంత శుభ్రంగా కనిపించినా తిరిగి క్యాన్‌లో పోయకూడదు.

అనుబంధ ప్రశ్న: కుప్పం సభ్యుడు

ఇదే వరుసలో ఒక సందేహం. మేము కోలారు బంగారు గనుల సైనైడ్ వ్యర్థాల దిబ్బలను చూస్తూ పెరిగినవాళ్లం. మా వైపు చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల మాట మళ్లీ మళ్లీ వస్తోంది. బంగారు గనుల వ్యర్థాల్లో సైనైడ్‌ను తొలగించడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ నుంచి తీసే మరో ఆమ్లాన్ని వాడతారని చదివాను. అది కూడా ఇలా క్యాన్లలోనే వస్తుందా?

జవాబు: పెరాక్సైడ్ ప్లాంటులో పనిచేసిన ఇంజనీరు

మీరు అడిగినది కారో ఆమ్లం. జర్మన్ రసాయన శాస్త్రవేత్త హైన్రిచ్ కారో 1898లో దాన్ని వర్ణించాడు కాబట్టి ఆ పేరు. ఎసిటిక్ ఆమ్లం స్థానంలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం చేరితే పెరాక్సీమోనోసల్ఫ్యూరిక్ ఆమ్లం వస్తుంది. సైనైడ్‌ను అది చాలా తక్కువ విషమున్న సయనేట్‌గా మారుస్తుంది, పని నిమిషాల్లో జరిగిపోతుంది.

అయితే దాన్ని క్యాన్లలో అమ్మరు. పెరాసిటిక్ ఆమ్లం తయారీలో పెద్దగా వేడి పుట్టదు, ఇక్కడ మాత్రం రెండు ద్రవాలూ కలిసిన క్షణంలోనే ఉష్ణోగ్రత నీరు మరిగే స్థాయిని దాటిపోగలదు, ఏర్పడిన ఆమ్లం కూడా వెంటనే విడిపోవడం మొదలుపెడుతుంది. కాబట్టి గని దగ్గరే రెండు పంపులు, ఒక చిన్న మిశ్రమ గొట్టం పెట్టి, కలిసిన ద్రవాన్ని ఎక్కడా నిలవనీయకుండా నేరుగా వ్యర్థాల ట్యాంకులోకి వదులుతారు. ఒక పంపు ఆగితే రెండవది దానంతట అదే ఆగిపోవాలి, ఈ ఇంటర్‌లాక్ లేని ఏర్పాటును నేనైతే నడవనివ్వను. గనుల్లో దీనితో పాటు సల్ఫర్ డయాక్సైడ్, గాలి కలిపి పంపే పద్ధతి కూడా విస్తారంగా వాడుకలో ఉంది.

నిల్వ ఉంచగల రూపం కావాలంటే కారో ఆమ్లాన్ని పొటాషియం క్షారంతో తటస్థీకరించి ఉప్పుగా మారుస్తారు. కోళ్ల షెడ్లలో నీళ్లలో కలిపి చల్లే గులాబీ రంగు పొడి, విర్కాన్, ఆ ఉప్పు ఆధారంగా చేసినదే. మన జిల్లాలో కోళ్లఫారాల వాళ్లకు అది కొత్త కాదు.

తోతాపురి నాణ్యత, బంగారుపాళ్యం

అందరికీ ధన్యవాదాలు. గట్టి మూతలన్నీ తీయించి పాత మూతలు పెట్టించాను, పగిలినవాటికి కొత్తవి పంపమని సరఫరాదారుకు రాశాను. మీ జవాబులను యాజమాన్యానికి చదివి వినిపించాను. సొంతంగా కలిపే ప్రతిపాదన విరమించుకుని, క్యాన్లను ఎండ తగలని గోడౌన్‌కు మార్చి, సీజన్‌కంతా ఒకేసారి కాకుండా విడతలుగా తెప్పించడానికి ఒప్పుకున్నారు. టైట్రేషన్ రేపటి నుంచి మొదలవుతుంది. క్యాన్ మార్చేటప్పుడు కొంచెం ద్రావణం నేల మీద ఒలికితే ఏం చేయాలో కూడా చెప్పండి. ఇప్పటిదాకా మావాళ్లు రంపపు పొట్టు చల్లి, గోనెతో తుడిచి చెత్త డబ్బాలో వేస్తున్నారు.

జవాబు: డెయిరీ మెయింటెనెన్స్, చిత్తూరు

రంపపు పొట్టు, గోనె, పాత గుడ్డ, కాగితం ఏదీ వాడకండి. అవన్నీ మండేవి, గాఢ ద్రావణం పీల్చుకుని ఆరిపోయేకొద్దీ చెత్త డబ్బాలో గంటల తరువాత కూడా వాటంతట అవే అంటుకోగలవు. ఇప్పుడు ఆ డబ్బాలో ఉన్నవాటిని నేల మీద పరచకుండా, బయట ఆరుబయట నీళ్ల తొట్టెలో పూర్తిగా ముంచి ఉంచండి, తొట్టెకు మూత పెట్టకండి. ఇకముందు కొంచెం ఒలికితే ముఖ కవచం, తొడుగులు వేసుకుని ధారాళంగా నీళ్లు పోసి కాలువలోకి నెట్టండి. ఎక్కువగా ఒలికితే పొడి ఇసుకతో కట్ట వేసి ఆపి, అప్పుడు నీళ్లు కొట్టండి. ఆ నీరు నేరుగా వ్యర్థజల శుద్ధి ప్లాంటులో గాలి పంపే ట్యాంకులోకి పోకుండా ముందుగా మురుగు నీళ్లన్నీ కలిసి నిలిచే సమీకరణ ట్యాంకులో ఆపండి, లేకపోతే అక్కడ వ్యర్థాన్ని తినే సూక్ష్మజీవులు చనిపోతాయి. టెస్ట్ స్ట్రిప్‌లో పెరాసిటిక్ ఆమ్లం కనిపించని తరువాతే కిందికి వదలండి.